మంచు కురిసే ఊళ్లలో గులాబీ తోట: నాటడం నుంచి చలి దెబ్బను సరిదిద్దుకునే దాకా

కడియం నర్సరీ నుంచి తెచ్చిన అంటును పాదులో పెట్టి నీళ్లు పోస్తే ఏడాది పొడుగునా పూసే గులాబీని చూస్తూ పెరిగిన మనవాళ్లు, షికాగో, డెట్రాయిట్ వైపు స్థిరపడ్డాక అదే పద్ధతిలో తోట వేసి, ఏప్రిల్ నాటికి నల్లబడిన పుల్లలు మిగిలితే చలిని తిట్టుకోవడం మామూలే. నిజానికి ఆ నష్టంలో చాలా భాగం రకాన్ని ఎంచుకున్నప్పుడు, గుంత తవ్వినప్పుడే ఖాయమైపోతుంది.

అందువల్ల మొదట చూడవలసింది పూల రంగు కాదు, మీ ఊరి జోన్, అంటే చలి తీవ్రతను బట్టి ప్రాంతానికి ఇచ్చిన సంఖ్య; అది తగ్గేకొద్దీ చలి ఎక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన జోన్ల పటంలో మీ పిన్‌కోడ్ కొడితే ఆ సంఖ్య తెలుస్తుంది. జోన్ 5 అంటే ఏడాదిలో అత్యంత చల్లని రాత్రి ఉష్ణోగ్రత సగటున మైనస్ 20 నుంచి మైనస్ 10 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, అంటే సుమారు మైనస్ 29 నుంచి మైనస్ 23 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుందని అర్థం. పొడవాటి కాడకు ఒక్క పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలు అక్కడ రక్షణ లేకుండా నిలవడం కష్టం. రుగోసా గులాబీలు, కెనడాలో చలి కోసమే రూపొందించిన విలియం బాఫిన్, జాన్ కాబట్ వంటివి జోన్ 3లో కూడా బతుకుతాయి. విస్కాన్సిన్‌కు చెందిన విలియం రాడ్లర్ సృష్టించి, 2000లో మార్కెట్లోకి వచ్చిన నాకౌట్ రకం జోన్ 5కు సరిపోతుంది. కొత్తవారు తోటలో ఎక్కువ భాగం ఇలాంటి గట్టి రకాలకు ఇచ్చి, హైబ్రిడ్ టీలు రెండో మూడో పెట్టుకుంటే చాలు.

స్థలం విషయంలో రెండే షరతులు: రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల. చలికాలమంతా తడిలో నానిన వేరు ఎంత గట్టి రకమైనా కుళ్లుతుంది. బంకమట్టి అయితే కంపోస్టు బాగా కలిపి పాదును కాస్త ఎత్తు చేయాలి.

నాటే లోతు మీద మాత్రం రాజీ పడకూడదు. అంటు మొక్క కాండం మొదట్లో ఉబ్బుగా కనిపించే చోటే అంటు కట్టిన చోటు. మన దగ్గర దాన్ని నేల పైన ఉంచుతాము; జోన్ 5లో అది మట్టికి రెండు అంగుళాల కింద ఉండాలి. పైకొమ్మలన్నీ చచ్చినా, మట్టి కప్పిన ఆ భాగం బతికుంటే అసలు రకమే మళ్లీ చిగురిస్తుంది.

ఆగస్టు మధ్య నుంచి నత్రజని ఎరువు ఆపాలి, సెప్టెంబరు చివరి నుంచి వాడిన పూలు కోయడం కూడా మానాలి. కాయలు కట్టనిస్తే మొక్క కొత్త చిగురు మానుకుని నిద్రకు సిద్ధపడుతుంది. నవంబరులో గట్టి మంచు నాలుగైదు సార్లు పడ్డాక, మొదలు చుట్టూ పది పన్నెండు అంగుళాల ఎత్తున వేరే చోటి మట్టినో కంపోస్టునో కుప్ప పోయాలి. మొక్క పక్క మట్టినే ఎగదోస్తే వేళ్లు బయటపడతాయి. తొందరపడి అక్టోబరులోనే కప్పితే పొలం ఎలుకలు అందులో కాపురం పెట్టి బెరడు కొరుకుతాయి. దుకాణాల్లో దొరికే థర్మోకోల్ టోపీల మీద నాకు పెద్ద గురి లేదు. గాలి రంధ్రాలు లేకపోతే ఫిబ్రవరి ఎండకు లోపల వేడెక్కి, అకాలంగా చిగురు తెప్పిస్తాయి. మొక్కను ఎక్కువగా చంపేది నిలకడగా ఉన్న చలి కాదు, గడ్డకట్టడం, కరగడం మారి మారి రావడం.

ఏప్రిల్‌లో పసుపు పచ్చని పూల పొద ఫోర్సిథియా పూసినప్పుడు కుప్పను కొద్దికొద్దిగా తొలగించి కత్తెర పట్టాలి. కొమ్మ పైనుంచి అంగుళం అంగుళం కోస్తూ, కోత మధ్యనున్న బెండును చూడాలి. గోధుమరంగులో ఉంటే అది చచ్చిన కొమ్మ, ఇంకా కిందికి కోయాలి. కోసిన యాపిల్ ముక్కలా తెల్లగా కనిపిస్తే అక్కడ ఆగి, బయటి వైపు చూసే మొగ్గకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోత ముగించాలి. నేలమట్టం దాకా కోయవలసి వచ్చినా వెంటనే పీకేయవద్దు, మే నెలాఖరు దాకా ఆగండి. చిగురు అంటు కింది నుంచి వస్తోందేమో మట్టి తీసి చూడాలి. అలా వచ్చిన కొమ్మకు జూన్‌లో ముదురు ఎరుపు చిన్న పూలు ఒక్కసారి పూసి ఆగిపోతే, మీ రకం పోయి, అమెరికాలో అంటు కట్టడానికి అడుగు మొక్కగా విరివిగా వాడే డాక్టర్ హ్యూయీ అనే గులాబీ రకం వేరు మాత్రమే మిగిలిందని అనుకోవచ్చు. అసలు రకం ఇంకా బతికుంటే ఆ పిలకను కత్తిరించకుండా మొదలంటా పీకాలి.

మే నెలాఖరుకీ చిగురు లేకపోతే మొక్కను వేళ్లతో సహా తీసేయాలి. అదే గుంతలో కొత్త గులాబీ సరిగ్గా ఎదగదు కనుక, చోటు మార్చండి. వీలు కాకపోతే అడుగున్నర లోతు వరకు పాత మట్టి తీసి, గులాబీ పెరగని చోటి మట్టి నింపండి. ఈసారి అంటు కట్టని, సొంత వేరు మీద పెరిగిన మొక్క అడిగి తీసుకోండి.