పిండ మూలకణాలు గుండె కణాలుగా మారాయి: నా అనుభవం

నల్లగొండలోని మా చిన్న ప్రయోగశాలలో మానవ పిండ మూలకణాలను (శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల తొలి దశ కణాలను) గుండె కండర కణాలుగా మలచబోతే, పన్నెండు రోజులు దాటినా ప్లేటులో ఒక్క కణమూ కొట్టుకునేది కాదు. కొత్త సీసా రసాయనం, వేరే అడుగుపూత, తాజా కణాలు, ఏది మార్చినా ఫలితం రాలేదు.

చివరకు కుదిరిన పద్ధతి ఇది. ఈసారి కణాలు ప్లేటులోని గుంత అడుగును దాదాపు పూర్తిగా కమ్ముకునే వరకు ఆగాను. ఆ తర్వాత, ఇన్సులిన్ లేని బీ-27 అనే పోషక మిశ్రమం కలిపిన ఆర్‌పీఎంఐ అనే కణాల పెంపక ద్రవంలో, కణం ఏ రకంగా మారాలో నిర్దేశించే వింట్ సంకేతాన్ని మేల్కొలిపే సీహెచ్‌ఐఆర్-99021 అనే రసాయనాన్ని 6, 8, 10, 12 మైక్రోమోలార్ల (ద్రవంలో రసాయన గాఢతకు కొలమానం) చొప్పున వేర్వేరు గుంతల్లో వేశాను. సరిగ్గా 24 గంటలకు దాన్ని తీసేశాను. రసాయనం వేసిన రోజును సున్నాగా లెక్కిస్తే, మూడో రోజున అదే సంకేతాన్ని అణచే ఐడబ్ల్యూపీ-2 అనే మరో రసాయనాన్ని 5 మైక్రోమోలార్లు ఇచ్చి, ఐదో రోజున తొలగించాను. ఇంతకుముందు నేను మొదటి నుంచే ఇన్సులిన్ ఉన్న బీ-27 వాడేవాణ్ణి. తొలి దశలో ఇన్సులిన్ గుండె కణాలు ఏర్పడడాన్ని అడ్డుకుంటుంది కనుక, ఈసారి దాన్ని ఏడో రోజునే చేర్చాను.

పదో రోజు ఉదయం 8 మైక్రోమోలార్ల గుంతలో ఒక అంచున, ఆవగింజంత మేర, కణాల పొర ముడుచుకుంటూ విచ్చుకుంటూ కనిపించింది. చాలాసేపు సూక్ష్మదర్శిని దగ్గరి నుంచి కదలలేకపోయాను. 12 వేసిన గుంతలో మాత్రం కణాలు చాలావరకు ఊడి తేలిపోయాయి.

కణాల సాంద్రతనూ ఇన్సులిన్‌నూ ఒకేసారి మార్చాను కాబట్టి, దేని వల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పలేను. 8 అనే అంకె మా కణాలకు కుదిరినది. మీరు మాత్రం ముందుగా మీ కణాలపైనే మోతాదు పరీక్షించుకోండి.