నీటి అడుగున తేలే తూనీగ: ట్రౌట్ కోసం ఫ్లై కట్టే విధానం

కెనడాలోని కామ్లూప్స్ పరిసరాల సరస్సుల్లో రెయిన్‌బో ట్రౌట్ అనే చేపకు తూనీగ పిల్లపురుగు ఇష్టమైన ఆహారం. రెక్కలు రాకముందు కొన్ని జాతుల తూనీగలు మూడు నాలుగేళ్లు నీటిలోనే పెరుగుతాయి కనుక అది దాదాపు ఏ కాలంలోనైనా చేపకు దొరుకుతుంది. దాన్ని అనుకరించే ఫ్లైకి, అంటే కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు కట్టి చేసే కృత్రిమ ఎరకు, చాలామంది సీసపు తీగ చుట్టి బరువు పెంచుతారు గాని, అది అడుగుకు చేరగానే నాచులో చిక్కుకుంటుంది. లోపల గాలి నిలిచే జింక వెంట్రుకలతో ఒళ్లు కట్టి, నీటిలో మునిగే రకం గాలపు తాడు (లైను)తో దింపితే, లైను అడుగున పరచుకున్నా ఫ్లై నాచుకు కాస్త పైన తేలుతుంది. నా మట్టుకు ఈ పద్ధతే మేలు. (భారతదేశంలో జింక వెంట్రుకలకు వన్యప్రాణి చట్టం అడ్డు వస్తుంది కాబట్టి అక్కడివారు పలుచని ఫోమ్ ముక్క వాడుకోవాలి.)

పొడుగు కాడ ఉన్న ఆరో నంబరు కొక్కేన్ని వైస్‌లో (కొక్కేన్ని కదలకుండా పట్టి ఉంచే పనిముట్టులో) బిగించి, వంపు దగ్గర గట్టి దారంతో ఫెజెంట్ పక్షి ఈక పోచలు నాలుగైదు పొట్టి తోకగా కట్టాలి. తరువాత పెన్సిలంత మందం గల ఆకుపచ్చ రంగు వేసిన జింక వెంట్రుకల కట్టను తీసుకుని, అడుగున ఉండే మెత్తని నూగును దువ్వి తీసేయాలి. నూగు మిగిలితే వెంట్రుకలు కాడ చుట్టూ సరిగా తిరగవు. కట్టను కాడపై ఉంచి, దారాన్ని రెండు చుట్లు వదులుగా తిప్పి, మెల్లగా బిగిస్తూ కట్టను వదిలేస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుని చుట్టూ పరచుకుంటాయి. వాటిని వేళ్లతో గట్టిగా వెనక్కి నొక్కి, దాని ముందు మరో కట్ట కట్టాలి. ఇక్కడ వదులుగా వదిలేస్తే ఫ్లై తేలదు. తలకు కొంత చోటు మిగిలే వరకు ఇలాగే నింపి, ముడి వేయాలి.

కత్తిరింపులో తొందర పనికిరాదు. ముందుగా పొట్ట భాగాన్ని కాడకు దగ్గరగా చదును చేయాలి, లేకపోతే ముల్లుకు ఖాళీ చాలక చేప పట్టు తప్పుతుంది. ఆపైన పక్కలను, వెనక సగం వెడల్పుగానూ మెడ వైపు సన్నగానూ వచ్చేలా దిద్దాలి. మళ్లీ దారం కట్టి, మెడకు ఇరుపక్కలా కాళ్లుగా కొన్ని ఈక పోచలు, వాటి ముందు రెండు కొనలూ కరిగించిన లావు నైలాన్ తీగ ముక్కను కళ్లుగా అడ్డంగా బిగిస్తే పని పూర్తవుతుంది.

ఈ పురుగు వెనక నుంచి నీటిని చిమ్ముతూ ముందుకు దూసుకుపోతుంది కాబట్టి, లైను కొసకు కట్టే సన్నని దారం (లీడర్) సుమారు మీటరున్నర ఉంచి వేసి, బెత్తెడేసి చొప్పున చురుగ్గా లాగుతూ మధ్యమధ్య ఆగాలి. లాగినప్పుడు ఫ్లై కిందికి దిగి, ఆపగానే మళ్లీ లేస్తుంది. వెంట్రుకలు నీరు పీల్చుకుని తేలడం మానేస్తే, దాన్ని గుడ్డతో పిండి ఆరబెట్టి, ఆలోగా లీడర్‌కు మరో ఫ్లైని తగిలించుకోవాలి.