వీడియో వాల్ మీద నగర పటం చూసే తీరు

వరంగల్ వానాకాలం వరద పనికి భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు, నాలాలు ఒకే పటంలో కనబడాలంటే 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్లు (ఒక్కోటి 1920×1080 పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉన్న తెర) తొమ్మిది, 3×3గా బిగించి ఒకే పెద్ద తెర, అంటే వీడియో వాల్, చేయండి. మొత్తం 5760×3240 పిక్సెళ్లు. కంప్యూటర్ నుంచి కూడా అంతే రావాలి. ఒక్క ఫుల్ హెచ్‌డీ సిగ్నల్‌నే తొమ్మిదింటికీ సాగదీస్తే బొమ్మ పెద్దదవుతుంది, వివరం పెరగదు. చాలాచోట్ల జరిగే తప్పు ఇదే.

ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 0.63 మి.మీ. సుమారు రెండు మీటర్లు దాటితే చుక్కలు కనబడవు. చిన్న పేర్లు చదవాలంటే దగ్గరికి పోవాలి. అందుకే గోడ ముందు కుర్చీలు వేయకుండా నడిచే జాగా వదలండి. జూమ్ అక్కర లేకుండా కాళ్లతోనే దగ్గరికీ దూరానికీ పోవడమే ఈ గోడతో అసలు లాభం.

చదివేవి కంటి ఎత్తున పెట్టండి. పై వరుసలో పెడితే మెడ పట్టేస్తుంది. బెజెల్ కరెక్షన్ (ప్యానెళ్ల అంచుల పట్టీల వెనక కూడా పటం ఉన్నట్టు లెక్కేసే సెట్టింగ్) పెడితే రోడ్లు సూటిగా కలుస్తాయి గానీ అతుకు వెనక పడ్డ అక్షరాలు మాయమవుతాయి, పేర్లు పక్కకు జరపండి. ఇంత పెద్ద గోడ మీద కనబడేలా మౌస్ పాయింటర్ పెద్దది చేయండి.