లేక్ లేనియర్ ఒడ్డున స్థలం కొంటున్నారా? ముందు డాక్ సంగతి తేల్చుకోండి

అట్లాంటాకి ఉత్తరాన కమింగ్, సువానీ, జాన్స్ క్రీక్ వైపు స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామందికి లేక్ లేనియర్ ఒడ్డున ఒక స్థలం, దాని ముందు ఒక పడవ ఉండాలని కోరిక. ఏప్రిల్, మే నెలల్లో స్థలాలు చూడ్డానికి వెళ్తారు. సరస్సు నిండుగా కళకళలాడుతూ ఉంటుంది. ఆ ఊపులో అదే సాయంత్రం ఆఫర్ పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. సబ్‌డివిజన్‌లో ఇల్లు కొన్న అనుభవం ఇక్కడ సగానికే పనికొస్తుంది.

చటాహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి 1950లలో ఈ సరస్సును నింపారు. నీళ్లూ, ఒడ్డు వెంబడి నేలా ఫెడరల్ ప్రభుత్వానివి. వాటిని చూసేది యూఎస్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇకపై ‘కోర్’). ప్రకటనలో ‘లేక్‌ఫ్రంట్’ అని ఎంత పెద్దక్షరాలతో రాసినా, మీరు కొనే లాట్ హద్దు సాధారణంగా నీటిదాకా రాదు. హైదరాబాద్‌లో చెరువు పక్క ప్లాటు చూస్తే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) ఎక్కడ, బఫర్ జోన్ ఎక్కడ అని అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి. వేసవిలో నిండు మట్టం సముద్రమట్టానికి 1071 అడుగులు. వరద వస్తే నిలవడానికి వదిలిన జాగా 1085 అడుగుల వరకు. సర్వేయర్‌ని వెంటబెట్టుకుని ప్రభుత్వ హద్దు ఎక్కడుందో నేల మీద చూపించుకోండి. ఆ హద్దు దాటి చెట్టు కొట్టాలన్నా, పొదలు తీయాలన్నా కోర్ అనుమతి కావాలి. ‘వ్యూ’ కోసం నాలుగు చెట్లు తీసేద్దాం అనే ఆలోచన అక్కడే మానుకోండి.

అన్నిటికంటే ఎక్కువ మంది పొరబడేది డాక్, అంటే పడవ కట్టేసుకునే తేలే వేదిక, విషయంలో. అక్కడ డాక్ కనిపిస్తోంది కాబట్టి స్థలంతో పాటు వచ్చేస్తుందనుకుంటారు. కలపా, తేలే డ్రమ్ములూ మీరు కొనుక్కోవచ్చు, కానీ దాన్ని నీళ్లలో ఉంచే పర్మిట్ అమ్మేవాళ్ల పేరున ఉంటుంది, అది బదిలీ కాదు. చేతులు మారిన రోజే రద్దవుతుంది. ఫెడరల్ నిబంధన ప్రకారం కొత్త యజమాని 14 రోజుల్లో తన పేరున దరఖాస్తు చేసుకోవాలి. లేకపోతే 30 రోజుల్లో డాక్ తీసేసి ఒడ్డును మునుపటిలా చేయాలి. పర్మిట్ ఉన్న మనిషీ, ఆ మనిషి భార్య లేదా భర్తా ఇద్దరూ చనిపోయినా పర్మిట్ రద్దవుతుంది. అప్పుడు ఆస్తి వచ్చిన వారసులు అదే గడువులో దరఖాస్తు పెట్టుకోవాలి. దుఃఖంలో ఉన్నప్పుడు ఇది ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆ కాగితాలు ఎక్కడున్నాయో పిల్లలకి కూడా తెలిసి ఉండాలి.

డాక్ లేని స్థలమైతే ఇంకా జాగ్రత్త. కోర్ ఒడ్డును రకరకాలుగా విభజించింది. ‘లిమిటెడ్ డెవలప్‌మెంట్’ అని గుర్తించిన చోటే కొత్త ప్రైవేట్ డాక్‌కి అవకాశం. పైగా 2004 నాటి షోర్‌లైన్ ప్లాన్ సరస్సు మొత్తానికి 10,615 డాకులనే పరిమితి పెట్టింది. ‘తర్వాత అప్లై చేసుకోవచ్చు’ అన్న ఏజెంట్ మాట మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి. బ్యూఫోర్డ్‌లోని కోర్ ఆఫీసుకి మీరే ఫోన్ చేయండి. డాక్ మీద కొట్టి ఉన్న చిన్న ట్యాగ్ నంబరు రాసుకుని, ఆ పర్మిట్ ఎప్పటిదాకా ఉంది, ఉల్లంఘనలేమైనా నమోదయ్యాయా, మీ పేరున ఇస్తారా అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. పాత యజమాని ప్రభుత్వ నేల మీద గోడో, అరుగో కట్టి ఉంటే అది తొలగించే బాధ్యత ఆయనదేనని కాంట్రాక్టులో రాయించండి. ఇదంతా డ్యూ డిలిజెన్స్ గడువు (కాంట్రాక్టు నుంచి వెనక్కి తగ్గే వీలున్న రోజులు) లోపలే జరగాలి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొంటుంటే పర్మిట్ ఎవరి పేరున, ఆయన వాటా అమ్ముకుంటే మిగతావాళ్ల సంగతేమిటి అని లాయర్‌తో ముందే రాయించుకోండి. స్నేహం నిలవాలంటే ఇది తప్పదు.

తర్వాత లోతు. ఈ సరస్సు మన పడవల కోసం కట్టింది కాదు. అట్లాంటా తాగునీరు, వరద నియంత్రణ, విద్యుత్తు, దిగువకు వదలాల్సిన నీళ్లు, అన్నీ దీనితోనే. 2007 కరువులో మట్టం దాదాపు 20 అడుగులు పడిపోయింది. సన్నని పాయల చివర ఉన్న డాకులు బురదలో కూర్చున్నాయి. ఒక తాడుకి అడుగుకో ముడి వేసి, చివర సీసం గుండు కట్టి, డాక్ ముందు అంచు నుంచి నీళ్లలోకి వదలండి. ఆ రోజు మట్టం కోర్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మట్టం 1071 ఉన్న రోజు 8 అడుగులే తగిలితే, 1063కి వచ్చేసరికి అక్కడ నేల తేలుతుంది. వీలైతే శీతాకాలం మొదట్లో ఇంకోసారి వెళ్లి చూడండి.

సొంత డాక్ కుదరకపోతే అందరూ పంచుకునే కమ్యూనిటీ డాక్‌లో స్లిప్ (ఒక పడవ నిలిపే చోటు) మంచి దారే. కాకపోతే ఆ స్లిప్ మీ లాట్‌కి రాసిచ్చారా, లేక హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఏటేటా కేటాయిస్తుందా అన్నది కాగితంలో చూడాలి. మెరీనాలో అయితే అద్దే. మెరీనా వాళ్లది కూడా కోర్ దగ్గర తీసుకున్న లీజే, కాబట్టి ‘శాశ్వత స్లిప్’ అనే మాటను నమ్మకండి. ఇల్లు కట్టాలనుకుంటే సెప్టిక్‌కి మట్టి పరీక్ష కూడా గడువులోపే చేయించండి.

చివరిగా కరెంటు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. డాక్‌కి కరెంటు ఉంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్, గ్రౌండ్ ఫాల్ట్ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు) పరీక్ష చేయించాకే పిల్లల్ని దగ్గరికి రానివ్వండి. మంచినీళ్లలో లీకైన కరెంటు మనిషి ఒంట్లోంచి పోతుంది. కండరాలు బిగుసుకుని ఈతగాడు కూడా మునిగిపోతాడు. 2023 వేసవిలో లేనియర్‌లోనే డాక్ మీద నుంచి నీళ్లలోకి దూకిన ఒక యువకుడు ఇలాగే చనిపోయాడు. కరెంటు ఉన్న డాక్ దగ్గర ఈత కొట్టనివ్వకండి. ఒడ్డున మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంటికొచ్చే చుట్టాలకీ చూపించండి. ఎవరైనా నీళ్లలో షాక్ కొట్టినట్టు గిలగిల్లాడితే వెనకే దూకొద్దు. ముందు స్విచ్ ఆపండి, లైఫ్ రింగ్ విసరండి, 911కి ఫోన్ చేయండి.