చిన్న వ్యాపారానికి సరిపడే సోషల్ మీడియాను ఎలా ఎంచుకోవాలి?

తిరుపతి గాంధీ రోడ్డులో దుకాణం నడిపేవారి దగ్గరకు రెండు రకాల కొనుగోలుదారులు వస్తారు. ఏడాది పొడవునా వచ్చే ఊరివాళ్లు ఒకరు, దర్శనం చేసుకొని రైలెక్కే ముందు కాస్త తీరిక దొరికిన యాత్రికులు మరొకరు. ఈ తేడాను గమనించకుండా, పక్క దుకాణంవారు తెరిచారు కదా అని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అన్నిటిలోనూ ఖాతాలు తెరిచినవారు కొన్నాళ్లకే ఏదీ నడపలేక వదిలేయడం మన ఊళ్లో తరచుగా కనిపిస్తుంది. బాగా నడిపే ఖాతాలు రెండుంటే చిన్న వ్యాపారానికి చాలు. అవి ఏవో తేల్చుకునే పద్ధతి ఇది.

ముందుగా, ఒక పది పదిహేను రోజులపాటు బిల్లు రాసేటప్పుడే కొన్నవారిని రెండు విషయాలు అడిగి పుస్తకంలో రాసుకోండి: ఏ ఊరి నుంచి వచ్చారు, దుకాణం సంగతి ఎలా తెలిసింది. తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చేవారు ఎక్కువగా ఉన్నారని తేలితే, మీరు పెట్టే వీడియోలలో మాటలు తగ్గించి, ధరను అంకెల్లో చూపించాలని కూడా అక్కడే తెలిసిపోతుంది. ఈ పని చేయకుండా మాధ్యమాన్ని ఎంచుకుంటే అది ఊహ మాత్రమే అవుతుంది.

రెండవది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం వివరాలు కనబడేలా చేసే నమోదు. దీన్ని సోషల్ మీడియా అనలేము గానీ, యాత్రికులపై ఆధారపడిన దుకాణానికి మిగతా అన్నిటికంటే ముందు కావలసింది ఇదే. ఊరు కొత్తయినవారు ఫోనులో మ్యాప్ తెరిచి దగ్గరలోని దుకాణాలను వెతుకుతారు. నమోదు ఉచితం, గూగుల్ అడిగిన విధంగా, వీడియో ద్వారానో ఫోను ద్వారానో, దుకాణం మీదేనని ధ్రువీకరించాలి. గోవిందరాజస్వామి గుడి వైపు నుంచి నడిచి వస్తే దుకాణం బోర్డు ఎలా కనిపిస్తుందో అలాగే ఒక ఫొటో తీసి పెట్టండి. వెతుక్కుంటూ వచ్చేవారికి చిరునామా కంటే అది ఎక్కువగా ఉపయోగపడుతుంది. మిఠాయి దుకాణంవారికి ఒక మాట: తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు (ఆ చోటి అసలు సరుకుకే ఆ పేరు చెందుతుందనే చట్టపరమైన గుర్తింపు) లభించింది కాబట్టి, ఆ పేరును మీ సరుకుకు ఎక్కడా వాడకండి.

మూడవది, తిరిగి వచ్చేవారి కోసం వాట్సాప్ బిజినెస్. 2018లో వచ్చిన ఈ ఉచిత యాప్‌లో సరుకుల ఫొటోలు, ధరలతో కేటలాగ్ పెట్టుకోవచ్చు; దుకాణం మూసి ఉన్న వేళ వచ్చిన సందేశానికి దానంతట అదే జవాబు వెళ్లేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఒకే సందేశాన్ని ఒక్కసారిగా చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందువల్ల బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు వస్తే పంపిస్తాం" అని అడగడం అలవాటు చేసుకోవాలి. వద్దన్నవారిని జాబితాలో చేర్చకూడదు.

ఇక నాలుగవది, అసలైన ఎంపిక: కొత్తవారికి కనబడటానికి ఒకే ఒక్క వేదిక. మీ సరుకులో చూడదగినది ఏమిటన్న ప్రశ్నకు జవాబును బట్టే దీన్ని నిర్ణయించాలి. శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్మేవారినే తీసుకోండి. కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరవేసిన గుడ్డ, కొనకు ఉన్నిదారం చుట్టిన వెదురు కలం, బెల్లంలో ఇనుము ఊరబెట్టి తీసిన నల్లరంగు, ఆ కలాన్ని వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే గుడ్డపై సాగే నెమలి మెడ గీత: ఇది అర నిమిషంలో చూపించగలిగిన పని, చూసినవారికి ఆ చీర ధర ఎందుకంతో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇలాంటి సరుకుకు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, అంటే అందులో పెట్టే చిన్న వీడియోలు, చక్కగా సరిపోతాయి. అయితే రీల్ కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి, వాట్సాప్ లింకును ప్రొఫైల్‌లోనే పెట్టాలి. అదే కలంకారీని చేతితో వేసినదా, అచ్చు వేసినదా అని గుర్తుపట్టడం నేర్పే పెద్ద వీడియో అయితే యూట్యూబ్‌లో ఉంచడం మేలు. అక్కడ జనం వెతికి మరీ చూస్తారు, పాత వీడియోకు కూడా చూసేవారు దొరుకుతారు.

చిత్తూరులో టిఫిన్ సెంటరు, ట్యూషన్, కుట్టుపని వంటివి నడిపేవారికి పక్క వీధులవారే ఆధారం. వారికి ఫేస్‌బుక్‌లోని ఊరి గ్రూపులు చాలు. తోతాపురి మామిడి గుజ్జు తయారుచేసేవారికి, నగరి మరమగ్గాల నుంచి టోకున గుడ్డ పంపేవారికి రీల్స్‌తో పెద్దగా పని లేదు. కొనేది కంపెనీలు కాబట్టి, ఉద్యోగ, వ్యాపార పరిచయాల కోసం వాడే లింక్డ్‌ఇన్‌లో సరుకు నాణ్యత, సరఫరా సామర్థ్యం వివరంగా పెట్టడం మంచిది.

ఖాతా తెరిచే ముందు వారానికి ఎంత సమయం ఇవ్వగలరో ఇంట్లోవారితో కూర్చొని తేల్చుకోండి. పోస్టు పెట్టడం కంటే, వచ్చిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికే ఎక్కువ సమయం పడుతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో దుకాణంలో తలెత్తే తీరిక ఉండదు కనుక, అప్పటికి కావలసిన వీడియోలను ముందే తీసి ఉంచుకోవాలి.

ఏ వేదికనైనా పూర్తిగా నమ్ముకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ అనే వీడియో యాప్‌ను నిషేధించినప్పుడు, దానిమీదే ఆధారపడినవారు తమను చూసేవారినందరినీ ఒక్కసారిగా పోగొట్టుకున్నారు. కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు, వారి అనుమతితో, మీ సొంత పుస్తకంలోనూ ఉండాలి. ఖాతాలన్నిటికీ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. ఖాతాను పనివారి ఫోను నంబరుతో తెరవకండి.

మూడు నెలల తరువాత మళ్లీ బిల్లు పుస్తకం తెరవండి. లైకులు ఎన్ని వచ్చాయన్నది పక్కన పెట్టి, దుకాణం ఎలా తెలిసిందన్న చోట ఆ వేదిక పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కించండి. కొన్నవారెవరూ దాని పేరు చెప్పకపోతే వేదిక మార్చండి. పాత పేజీలో మాత్రం వాట్సాప్ నంబరు, దుకాణం వేళలు రాసిన పోస్టును పైన పిన్ చేసి ఉంచండి, అక్కడికి వచ్చినవారికి దారి తెలుస్తుంది.