లక్ష కిలోక్యాలరీలంటే ఎన్ని కిలోవాట్లు? వేడి లెక్కలు మార్చుకునే పద్ధతి

థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ (నూనెను కాచి ఆ వేడిని యంత్రాలకు పంపేది) మీద సామర్థ్యం చెప్పే పలక ఉంటుంది, దాని మీద గంటకు ఇన్ని లక్షల కిలోక్యాలరీలని రాస్తారు. బాయిలర్ మీద టన్నుల ఆవిరి, చల్లబరిచే యంత్రం చిల్లర్ మీద వేరే టన్నులు, దిగుమతి చేసుకున్న బర్నర్ మీద కిలోవాట్లు ఉంటాయి. అన్నీ చెప్పేది ఒకటే: ఇంత సమయంలో ఎంత వేడి ఇస్తుంది, లేదా ఎంత లాగేస్తుంది అని. వీటిని పోల్చడానికి కంఠతా రావాల్సిన అంకె 1.163.

గంటకు 1 కిలోక్యాలరీ అంటే 1.163 వాట్లు. ఇది సవరించి రాసిన అంకె కాదు, కచ్చితమైనదే. ఆవిరి ధర్మాల మీద 1956లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం క్యాలరీని 4.1868 జౌళ్లుగా ఖాయం చేసింది. కిలోక్యాలరీకి 4,186.8 జౌళ్లు. దాన్ని గంటలోని 3,600 సెకన్లతో భాగిస్తే శేషం లేకుండా 1.163 వస్తుంది.

ముందుగా పలక మీదున్న సమయం చూడండి. గంటకా, నిమిషానికా, సెకనుకా? ఏదైనా సరే, మొదట గంటకు కిలోక్యాలరీల్లోకి తెచ్చుకోండి. నిమిషం లెక్కను 60తో హెచ్చించాలి. సెకనుకు క్యాలరీలని ఉంటే 3.6తో హెచ్చిస్తే చాలు. తర్వాత 1.163తో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. తరచూ కావాల్సినవి గోడ మీద రాసి పెట్టుకోవచ్చు:

గంటకు 1 లక్ష కిలోక్యాలరీలు = 116.3 కిలోవాట్లు
గంటకు 10 లక్షల కిలోక్యాలరీలు, అంటే 1 గిగాక్యాలరీ = 1.163 మెగావాట్లు
సెకనుకు 1 క్యాలరీ = 4.1868 వాట్లు
1 టన్ను శీతలీకరణ (చిల్లర్, ఏసీల టన్ను) = గంటకు 3,024 కిలోక్యాలరీలు = 3.517 కిలోవాట్లు
1 కిలోవాట్ = గంటకు 860 కిలోక్యాలరీలు (సరిగ్గా కావాలంటే 859.845)

ఈ లెక్కన 6 లక్షల హీటర్ అంటే 697.8 కిలోవాట్లు. చేతిలో కాలిక్యులేటర్ లేకపోతే ఆరో వంతు కలపండి: 6 లక్షలకు ఇంకో లక్ష కలిపితే 7 లక్షల వాట్లు, అంటే 700 కిలోవాట్లు. వెనక్కి రావాలంటే ఏడో వంతు తీసేయండి: 350 కిలోవాట్లలో 50 పోతే 300, అంటే గంటకు సుమారు 3 లక్షల కిలోక్యాలరీలు. తేడా నూటికి సుమారు 0.3 మాత్రమే. కొటేషన్ చూస్తూ మాట్లాడేటప్పుడు ఇది చాలు. ఆర్డర్ పెట్టేటప్పుడు మాత్రం 1.163తోనే వేయండి.

బాయిలర్ టన్నుల దగ్గర కాస్త ఆగాలి, డబ్బు పోయేది ఇక్కడే. పలక మీది టన్ను సాధారణంగా 'ఫ్రమ్ అండ్ ఎట్ 100' లెక్క. అంటే 100 డిగ్రీల నీరు అదే 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే పట్టే వేడి, కిలోకు సుమారు 540 కిలోక్యాలరీలు. టన్నుకు 5.4 లక్షలు, అంటే 628 కిలోవాట్లు. కానీ రైస్ మిల్లులో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీల్లో ఉంటాయి. 10 కిలోల గేజ్ పీడనంలో (బయటి గాలి పీడనం కాక చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు) ఆవిరికి కిలోకు దాదాపు 664 కిలోక్యాలరీలు ఉండాలి. అందులో నీళ్లతో వచ్చిన 30 తీసేస్తే బాయిలర్ ఇవ్వాల్సింది 634. 5,40,000ను 634తో భాగిస్తే గంటకు 850 కిలోల ఆవిరే వస్తుంది. ఇది మోసం కాదు, కొలత పద్ధతి అంతే. మీకు నిజంగా గంటకు టన్ను ఆవిరి కావాలంటే పలక మీద 1.2 టన్నులు ఉన్న బాయిలర్ అడగాలి.

బాయిలర్‌లో కాల్చే ఊక లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. కిలో ఊకకు 3,000 కిలోక్యాలరీలు, బాయిలర్ సామర్థ్యం నూటికి 70 అనుకుంటే పనికొచ్చేది 2,100. 5.4 లక్షలకు గంటకు 257 కిలోల ఊక పడుతుంది. తడిసిన ఊకకు ఈ లెక్క నిలవదు. తేమను ఆవిరి చేయడానికే కొంత వేడి పోతుంది.

నీళ్ల విషయంలో కిలోక్యాలరీ అంత హాయి ఇంకెక్కడా లేదు. లీటర్లను డిగ్రీలతో హెచ్చిస్తే అయిపోయింది. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 నుంచి 65 డిగ్రీలకు రావాలంటే 1,000 కిలోక్యాలరీలు. 2 కిలోవాట్ల కాయిల్ గంటకు 1,720 ఇస్తుంది కాబట్టి 35 నిమిషాలు. ఇదే సూత్రాన్ని నూనెకు వాడితే దెబ్బతింటారు. థర్మిక్ ఫ్లూయిడ్ విశిష్టోష్ణం (కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి) నీటిలో దాదాపు సగమే, సాంద్రత కూడా తక్కువే. లీటర్లను ముందు కిలోలుగా మార్చి, సరఫరాదారు ఇచ్చిన పట్టికలో ఆ ఉష్ణోగ్రతకున్న విలువతో హెచ్చించాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది 860 దగ్గర. హెచ్చించాల్సిన చోట భాగిస్తారు. కిలోవాట్ల అంకె చిన్నది, కిలోక్యాలరీల అంకె పెద్దది అని ఒక్కసారి చూసుకుంటే ఈ తప్పు దొరికిపోతుంది. రెండోది, పలక మసిబారి 'కె.క్యాల్/హెచ్ఆర్'లో చివరి ముక్క చెరిగిపోతే, వట్టి కిలోక్యాలరీలుగా రాసుకోవడం. వట్టి కిలోక్యాలరీ వేడి మొత్తాన్ని చెబుతుంది, వేగాన్ని కాదు. కరెంటు బిల్లులో యూనిట్‌కూ కిలోవాట్‌కూ ఉన్న తేడాయే ఇది.

కొన్ని పుస్తకాల్లో క్యాలరీకి 4.184 జౌళ్లని ఉంటుంది. అది రసాయన శాస్త్రం వాళ్ల క్యాలరీ. దానితో వేస్తే 6 లక్షలకు 697.3 కిలోవాట్లు వస్తాయి. బాయిలర్‌కు ఆ అర కిలోవాట్ లెక్కలోకి రాదు, కానీ ఒకే షీట్‌లో రెండూ కలిపితే మొత్తాలు సరిపోక సగం రోజు వెతుక్కోవాలి.

ఏసీ, చిల్లర్‌ల విషయంలో 3.517 కిలోవాట్లు లాగేసే వేడి మాత్రమే. అది తినే కరెంటు చాలా తక్కువ. కేబుల్, స్టెబిలైజర్ ఎంచుకోవడానికి పలక మీద విడిగా రాసిన విద్యుత్ వాటేజీ చూడాలి.

అమెరికా పద్ధతి కాగితాల్లో 'ఎంఎం బీటీయూ' (బీటీయూ అంటే బ్రిటిష్ థర్మల్ యూనిట్, వేడిని కొలిచే ఇంకో ప్రమాణం) కనిపిస్తే అక్కడ ఒక్కో 'ఎం' వెయ్యి, మెగా కాదు. రెండు కలిస్తే పది లక్షలు. గంటకు 1 ఎంఎం బీటీయూ అంటే 2.52 లక్షల కిలోక్యాలరీలు, 293 కిలోవాట్లు.