ఈస్ట్రోజెన్‌ను పోలిన రసాయనాలు: స్తన గ్రంథి ఎదిగే వయసులో పాటించవలసిన జాగ్రత్తలు

స్తన గ్రంథి పుట్టుకతోనే పూర్తిగా రూపుదిద్దుకునే అవయవం కాదు. తల్లి కడుపులో చర్మం నుండి చిన్న మొగ్గగా మొదలై, యుక్తవయసులో పాలనాళాలుగా కొమ్మలు వేసి, గర్భధారణ సమయంలో పాలు తయారుచేసే తిత్తులను ఏర్పరచుకుంటుంది. అందువల్ల స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌లా, కణాలలో హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలకు అతుక్కునే రసాయనాల విషయంలో, ఎంత మోతాదు అన్నదానితో పాటు ఏ దశలో తగిలింది అన్నది కూడా చూడాలి. జాగ్రత్తలన్నీ ఒకేసారి పాటించలేనివారు ముందుగా గర్భిణి, పసిబిడ్డ, ఎదుగుతున్న ఆడపిల్ల వాడే వస్తువులను సరిచూసుకోవాలని నా సలహా.

ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్ ఏ (బీపీఏ) కడుపులో ఉండగా తగిలిన చిట్టెలుకలకు, యుక్తవయసు వచ్చేసరికి పాలనాళాల కొసల్లోని ఉబ్బెత్తు మొగ్గలు మామూలుకంటే ఎక్కువగా కనిపించాయి. కణాలు వేగంగా విభజన చెందే చోటు అదే. క్యాన్సర్ కారకాలకు తేలికగా లొంగేదీ అదే. ఎలుకల ఫలితాలను మనుషులకు ఉన్నదున్నట్లు అన్వయించలేము. అయితే అమెరికాలో 1971 వరకు గర్భిణులకు ఇచ్చిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ వారి కూతుళ్ళలో అరుదైన యోని క్యాన్సర్‌కు కారణమైందని తేలింది కనుక, కడుపులో తగిలినదాని ఫలితం ఏళ్ళ తరువాత బయటపడగలదన్న మాటను తేలికగా తీసుకోకూడదు.

బిస్ఫినాల్ ఏ ఎక్కువగా ఆహారం ద్వారానే ఒంట్లోకి చేరుతుంది కాబట్టి మొదట వంటగదిని చూడండి. గాజులా గట్టిగా, పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ సీసా అడుగున త్రికోణంలో సాధారణంగా 7 అంకె ఉంటుంది. ఆ అంకె మరికొన్ని ప్లాస్టిక్‌లకూ వేస్తారు. అలాంటి సీసా గీతలు పడి మసకబారితే పారవేయండి. వేడి పదార్థాలను గాజు, స్టీలు పాత్రలలోనే పోయండి. డబ్బాలలో నిల్వ చేసిన ఆహారాన్ని తగ్గించండి, ఎందుకంటే చాలా డబ్బాల లోపలి పూతలో ఈ రసాయనం వాడుతూ వచ్చారు. "బీపీఏ లేనిది" అన్న ముద్రను పూర్తిగా నమ్మవద్దు. దాని స్థానంలో వచ్చిన బిస్ఫినాల్ ఎస్‌కూ ఈస్ట్రోజెన్ స్వభావం ఉంది. శానిటైజర్ రాసుకున్న తడి చేతులతో థర్మల్ రసీదులను (దుకాణాలలో సిరా లేకుండా వేడితో అచ్చయ్యే బిల్లులను) పట్టుకోకండి, అప్పుడు చర్మం వాటి పూతలోని బిస్ఫినాల్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది.

సౌందర్య సాధనాల విషయంలో ఫలితం త్వరగానే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో 100 మంది కౌమార బాలికలు మూడు రోజులపాటు పారాబెన్లు (సాధనాలు పాడవకుండా కలిపేవి), థాలేట్లు (సువాసన నిలిచేందుకు కలిపేవి) లేని సాధనాలకు మారితే, వారి మూత్రంలో మిథైల్, ప్రొపైల్ పారాబెన్ల స్థాయి సుమారు 45 శాతం తగ్గిందని 2016లో ప్రచురించారు. కాబట్టి కొనే ముందు పదార్థాల జాబితాలో "పారాబెన్" అన్న పదం కోసం చూడండి; సువాసన లేని రకాలను ఎంచుకోండి.

ఈ రసాయనాలు పాలలో చేరతాయేమోనన్న భయంతో బిడ్డకు తల్లిపాలు మాత్రం ఆపకండి. ఎనిమిదేళ్ళు నిండకముందే ఆడపిల్లకు రొమ్ములు ఎదగడం మొదలైతే, ఫలానా సీసా వల్లనే అని సొంతంగా నిర్ధారించుకోకుండా పిల్లల వైద్యులకు చూపించండి.